ఖాళీ కుర్చీలకు వందన సమర్పణ

హైదరాబాదులో, నవాబుల కాలంనాటి ఒక పాత దేవిడీలో, అంటే పెద్ద భవంతిలో, నడిచే మ్యూజియంలో పరాంకుశం అనే ఆఫీసరు ఉండేవాడు. ఆయన నోట కృతజ్ఞతలు ధారగా వచ్చేవి గానీ, అవి కుర్చీలో కూర్చున్నవాళ్ళ దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయేవి.

మీరెప్పుడైనా సభలకు వెళ్ళారా? చివర్లో ఒకాయన లేచి "ఇప్పుడు వందన సమర్పణ" అంటాడు. ఆ మాట చెవిన పడగానే జనం చెప్పులు వెతుక్కోవడం మొదలుపెడతారు. పాపం, ఆ మాట్లాడే మనిషి మొహం ఎవరూ చూడరు. కానీ పరాంకుశం మైకు పట్టుకుంటే మాత్రం లేచినవాళ్ళు కూడా ఒక్క క్షణం నిలబడేవారు. అంత బాగుండేది ఆయన గొంతు! ముఖ్య అతిథికి ఒక కృతజ్ఞత, అధ్యక్షులవారికి ఒకటి, డైరెక్టరు గారికి రెండు. వరసలో ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది ఆయనకు కొట్టిన పిండి. మ్యూజియంలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వందన సమర్పణ ఆయనదే.

అసలు సంగతి చెప్పనా? ఆయన కాగితం ప్రతి ఏడాదీ ఒకటే. పైన అతిథుల పేర్లు కొట్టేసి కొత్త పేర్లు రాసుకునేవాడు, అంతే.

ఆ మ్యూజియంలో ఏటా ఎండాకాలం నలభై రోజులపాటు కళోత్సవం జరిగేది. సెలవులకు రాజధాని చూడ్డానికి జిల్లాల నుంచి జనం దిగేవాళ్ళు. పొద్దున కోట చూసి, ఎండ ముదిరేసరికి పిల్లాపాపలతో మ్యూజియంలో దూరేవాళ్ళు. ఆ మందపాటి గోడల మధ్య చల్లగా ఉండేది మరి! లోపల పాత కత్తులు, గోడ గడియారాలు, చేర్యాల పటాలు, కొండపల్లి బొమ్మలు. పిల్లలకు మట్టితో బొమ్మలు చేయడం నేర్పే క్లాసులు. సాయంత్రం ముందున్న ఖాళీ స్థలంలో షామియానా కింద ఒకరోజు నాట్యం, ఒకరోజు హరికథ, ఒకరోజు తోలుబొమ్మలాట.

గేటు దాటగానే బ్యాగుల కౌంటరు ఉండేది. అక్కడ బాలమణి అనే ఆవిడ పనిచేసేది. సంచులు తీసుకుని, గోడకున్న చెక్క గూళ్ళలో పెట్టి, ఇత్తడి టోకెన్లు ఇచ్చేది. మూత తీయకుండానే ఏ సంచిలో పులిహోర ఉందో, ఏ సంచిలో ఆవకాయ ఉందో చెప్పేది. ఆమె కూర్చోవడానికి ఒక పాత స్టూలు ఉండేది. కూర్చున్నప్పుడల్లా అది కిర్రుమనేది. పరాంకుశం రోజూ ఆ కౌంటరు ముందు నుంచే లోపలికి వెళ్ళేవాడు. బాలమణి లేచి "నమస్తే సార్" అనేది. ఆయన తల ఊపి వెళ్ళిపోయేవాడు. ఆమె పేరేమిటో ఆయనకు తెలియదు.

ఆ ఏడాది మే ముప్ఫై ఒకటో తేదీ కళోత్సవం ముగింపు. పరాంకుశం రిటైరయ్యేదీ ఆ రోజే. ఆయన మనసులో ఒకే ఒక్క కోరిక మిగిలిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు అందరికీ కృతజ్ఞతలు చెప్పిన ఆ మైకులో, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తన పేరు వినపడాలి. ఈ సంగతి భార్య అలమేలుకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"మీ డైరెక్టరు గారు తప్పకుండా చెబుతారండీ. ఎందుకు చెప్పరు?" అంది అలమేలు.

అందులో ఒక చిక్కుంది. డైరెక్టరు గారు చదివే కాగితం రాసిచ్చేది కూడా పరాంకుశమే! తన పేరు తనే ఎలా రాసుకుంటాడు? అందుకని ఒకరోజు డైరెక్టరు గారి గదికి వెళ్ళి, అటూ ఇటూ తిప్పి, "సార్, ఈ నెలాఖరుతో నా సర్వీసు పూర్తవుతోంది" అన్నాడు.

"అయ్యో, అవునా?" అన్నాడు డైరెక్టరు కంగారుగా. "మరి వచ్చే ఏడాది వందన సమర్పణ ఎవరు చేస్తారు?"

పరాంకుశం మొహం మాడిపోయింది. అయినా ఆశ చావలేదు.

ఇంతలో కళోత్సవం మధ్యలో గాలివాన వచ్చింది. ఆ రోజు అనంతపురం వైపు నుంచి వచ్చిన తిప్పన్న బృందం తోలుబొమ్మలాట. తిప్పన్న ముసలివాడు. ఆ బొమ్మలు వాళ్ళ తాత ముత్తాతల నాటివి. సాయంత్రం ఆట కోసం మధ్యాహ్నమే వాటిని షామియానా కింద తాళ్ళకు వేలాడదీశాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ ఒక్కసారిగా సుడిగాలి లేచింది. షామియానా గుడ్డ లేచిపోయింది. టపటపా చినుకులు మొదలయ్యాయి. తోలుబొమ్మ తడిస్తే ముడుచుకుపోతుంది, రంగు కారిపోతుంది. ఇక ఆ బొమ్మ పనికి రాదు.

"అయ్యో, నా బొమ్మలు!" అని తిప్పన్న గుండెలు బాదుకున్నాడు.

"పెద్దాయనా, ఏడ్వకు! ఇటు తే!" అని కేక వేసింది బాలమణి. గూళ్ళలో ఉన్న సంచులన్నీ గబగబా తీసి ఓ మూల పేర్చింది. షామియానా వేసే మస్తాను, ఆమె, తిప్పన్న కలిసి పరుగులు పెట్టారు. సీతమ్మవారిని, లక్ష్మణుణ్ణి, కోతుల్ని, కాళ్ళూ చేతులూ మడిచి గూళ్ళలో సర్దారు. పది తలల రావణాసురుడు ఏ గూట్లోనూ పట్టలేదు. బాలమణి తన స్టూలు మీద ఆయన్ని కూర్చోబెట్టి, తన పైట అడ్డం పెట్టి, వాన వెలిసేదాకా జల్లుకు వీపు ఒడ్డి నిలబడింది. వాన తగ్గాక బొమ్మకొక టోకెను చొప్పున తిప్పన్న చేతిలో పోసింది.

"పైలంగ లెక్క చూస్కో పెద్దాయనా. మళ్ళ నా మీదికి రావద్దు" అంది నవ్వుతూ. ఒక్క బొమ్మ తడవలేదు. మర్నాడు సాయంత్రం ఆట జరిగింది. ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు రావణుడి తలలు లెక్కపెడుతూ గోల గోల చేశారు.

ఆట అయ్యాక పరాంకుశం మైకు అందుకున్నాడు. "నిన్నటి గాలివానలో సకాలంలో స్పందించి, అమూల్యమైన బొమ్మలను కాపాడిన మన డైరెక్టరు గారికి శతకోటి వందనాలు" అన్నాడు. ఆ వాన సమయంలో డైరెక్టరు గారు ఊరి ఆ చివర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాడు! ఇప్పుడు వేదిక మీద ఆయన ఒకసారి ఇబ్బందిగా కదిలి, తర్వాత నవ్వి, చప్పట్లు అందుకున్నాడు.

తిప్పన్న ఊరుకోలేకపోయాడు. పరాంకుశం కిందికి దిగగానే చేతులు కట్టుకుని, "అయ్యా, ఆ బ్యాగులమ్మ పేరు ఒక్క మాట చెప్పింటే బాగుండు. ఆయమ్మ లేకుంటే నేనీపొద్దు ఆట ఆడేవాణ్ణి కాదు" అన్నాడు.

"వందన సమర్పణకు ఒక పద్ధతుంటుందయ్యా" అన్నాడు పరాంకుశం విసుగ్గా. "వేదిక మీద ఉన్నవాళ్ళకే చెప్పాలి. కనపడ్డవాళ్ళందరికీ చెబుతూ పోతే తెల్లారుతుంది."

తిప్పన్న తల దించుకుని బొమ్మలు సర్దుకోవడానికి వెళ్ళాడు.

ముగింపు రోజు రానే వచ్చింది. అలమేలు పెట్టెలోంచి ధర్మవరం పట్టుచీర తీసి కట్టుకుంది. చేతిసంచి కౌంటరులో ఇచ్చి, టోకెను తీసుకుని, రెండో వరసలో కూర్చుంది. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. వచ్చినవాడు ముప్పావు గంట మాట్లాడాడు. డైరెక్టరు గారు పరాంకుశం రాసిచ్చిన కాగితం అక్షరం పొల్లు పోకుండా చదివాడు. చివరి వాక్యం దగ్గర పరాంకుశం ఊపిరి బిగబట్టాడు. డైరెక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. అంతే!

అప్పుడే ముఖ్య అతిథికి ఇంకో సభ ఉందని గుర్తొచ్చింది. లేచాడు. ఆయన్ని సాగనంపడానికి డైరెక్టరు లేచాడు. డైరెక్టరు లేచాడని మిగతావాళ్ళూ లేచారు. కారు కదలడం చూసి జనమూ లేచారు. పరాంకుశం మైకు ముందుకు వచ్చేసరికి వేదిక మీద ఐదు ఖాళీ కుర్చీలు, సగం తాగిన నీళ్ళ సీసాలు మిగిలాయి.

ఆయన కాగితం విప్పి, అలవాటుగా మొదలుపెట్టాడు. "ఈ వేదికను అలంకరించిన..."

వెనక్కి తిరిగి చూసి ఆగిపోయాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు! ఆఖరికి తన కృతజ్ఞత వినడానికి కూడా ఒక్కడు లేడు.

మస్తాను కుర్చీలు మడుస్తూ మడుస్తూ దగ్గరికొచ్చి, "సార్, మీది అయిపోతే మైకు తీసేస్తా" అన్నాడు మెల్లగా.

"అయిపోయిందయ్యా. తీసెయ్" అన్నాడు పరాంకుశం.

"ఆగండి" అంది అలమేలు రెండో వరసలోంచి. "అయిపోవడమేమిటండీ? చెప్పండి. మేమంతా ఉన్నాం కదా!"

పరాంకుశం తలెత్తి చూశాడు. నిజమే. మస్తాను ఉన్నాడు. ముగింపు రోజుకు మళ్ళీ పిలిస్తే వచ్చి, ఆఖరి ఆట ఆడి, బొమ్మలు మూట కట్టుకుంటున్న తిప్పన్న ఉన్నాడు. గేటు దగ్గర కౌంటరు గుమ్మానికి ఆనుకుని బాలమణి ఉంది. అలమేలు సంచి ఒక్కటే మిగిలింది. అది ఇచ్చేదాకా ఆమె ఇంటికి పోదు. పోయినవాళ్ళంతా ఆయన కృతజ్ఞతలు చెప్పినవాళ్ళు. ఉన్నవాళ్ళకు ఆయన ఎన్నడూ ఒక్క మాట చెప్పలేదు.

ఆయన కాగితం జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం లేకుండా ఆయన మైకు ముందు నిలబడడం అదే మొదటిసారి.

"నీ పేరేమిటయ్యా?" అన్నాడు.

"మస్తాను సార్. పదిహేనేళ్ళ నుంచి ఇక్కడే కుర్చీలు వేస్తున్నా."

పరాంకుశానికి సిగ్గేసింది. "మస్తానూ! పదిహేనేళ్ళు నువ్వు వేసిన కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకే కృతజ్ఞతలు చెప్పాను. నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను" అన్నాడు. ఆ తర్వాత తిప్పన్నకు చెప్పాడు. "తిప్పన్నా, ఆ రోజు నీ మాట కొట్టిపారేశాను. నువ్వు చెప్పిందే సరైన పద్ధతి. ఆ బ్యాగులమ్మ పేరేమిటి?"

"బాలమణి అయ్యా!" అన్నాడు తిప్పన్న, ఇన్నాళ్ళకు అడిగారన్నట్టు.

"అమ్మా బాలమణీ! ఆ గాలివానలో బొమ్మల్ని కాపాడింది నువ్వు. నేను ఇదే మైకులో అబద్ధం చెప్పాను. తప్పు నాది. జిల్లాల నుంచి వచ్చిన అంతమంది పిల్లలు ఆ ఆట చూశారంటే నీ చలవే. నీకు చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను." మైకులో ఆ మాటలు గేటు అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు కూడా వినిపించాయి. కొందరు వెనక్కి వచ్చి తొంగి చూశారు.

బాలమణి పైటతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. "నేను గూడ ఒక మాట చెప్పొచ్చా సార్?" అంది. మస్తాను మైకు కిందికి వంచి ఇచ్చాడు.

"పరాంకుశం సారుకు నా శనార్తి, దండం" అంది బాలమణి. "ఎనిమిదేండ్ల కిందట నాకు మోకాళ్ళ నొప్పులుండె. దినమంతా నిలవడేదాన్ని. ఎవ్వరు పట్టించుకోలె. గప్పుడు సారు తన రూములున్న స్టూలు నాకు పంపిచ్చిండు. అడగకముందే పంపిచ్చిండు. దాని మీద కూసునే నా పిల్లలను చదివిచ్చుకున్న. రోజు నమస్తే పెట్టేది గందుకే సార్. మీరు సల్లగుండాలె."

తన పేరు! ఆ మైకులో! రెండో వరసలో అలమేలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. పరాంకుశం మాత్రం కొయ్యబారిపోయాడు. ఆ స్టూలు ఆయనకు గుర్తొచ్చింది. కూర్చున్నప్పుడల్లా కిర్రుమంటోందని విసుక్కుని, "దీన్ని ఎక్కడైనా పారెయ్యండి" అని బయటికి గెంటించాడు. అది ఎవరి దగ్గరికి చేరిందో ఎన్నడూ అడగలేదు.

ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ రోజు ఆయన ఊరుకోలేకపోయాడు.

"బాలమణీ, అది నేను నీకోసం పంపలేదమ్మా. చప్పుడు చేస్తోందని పారేయమన్నాను" అన్నాడు తల దించుకుని.

బాలమణి ఫక్కున నవ్వింది. "మీరెందుకు పంపిర్రో నాకెందుకు సార్? నా మోకాళ్ళకు ఎరుక అది ఎంత పని చేసిందో! ఇగ పోండి, అమ్మగారి సంచి తీసుకోండి. అండ్ల అరిసెలున్నయి, చల్లారిపోయినయి."

అందరూ నవ్వారు. అలమేలు సంచి విప్పి, భర్త రిటైరైన రోజని వండి తెచ్చిన అరిసెలు నలుగురికీ పెట్టింది. పరాంకుశం మస్తాను మడవని కుర్చీలు నాలుగు వెతికి తెచ్చి వాళ్ళకు వేశాడు. తాను నిలబడే తిన్నాడు. పారేసిన స్టూలుకు ఒక మనిషి ఎనిమిదేళ్ళు రోజూ లేచి దణ్ణం పెట్టింది. తన దారిలో రోజూ కనపడ్డ మనిషి పేరు తను ఎనిమిదేళ్ళూ అడగలేదు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆయనకు అరిసె గొంతు దిగలేదు.

మరుసటి వేసవిలో పరాంకుశం దంపతులు అందరిలాగే టిక్కెట్టు కొనుక్కుని కళోత్సవానికి వచ్చారు. కౌంటరు దగ్గర ఈసారి ఆయనే ముందుగా చేతులు జోడించాడు. "నమస్తే బాలమణీ. మోకాళ్ళు ఎలా ఉన్నాయమ్మా?" అన్నాడు. ఆయన చంకలో చప్పుడు చేయని కొత్త మడత కుర్చీ ఒకటి ఉంది.

మనకు మేలు చేసినవాళ్ళు ఎక్కడ నిలబడి ఉన్నారో వెతికి, పేరు పెట్టి పిలిచి, మొహం చూసి కృతజ్ఞత చెప్పాలి.