బావి అడుగున భోజనం

పూర్వం ఒక రాజ్యంలో కోట బావి తవ్విస్తున్న అధికారి భైరవయ్య, బావి గోడలు కూలకుండా ఆనించడానికి దుంగలు ఇవ్వనన్నాడు.

"నేల ఇనుములా ఉంది. దుంగలు దండగ."

తవ్వేవాళ్ల పెద్ద ఓబులమ్మకు గోడల్లో నెర్రెలు కనిపిస్తున్నాయి. లోపల తవ్వుతున్నది ఆమె కొడుకులే. వాళ్లచేత అడుగున విస్తరి వేయించి, అన్నం పెట్టించి, వాళ్లను పైకి రమ్మని, భైరవయ్య వైపు తిరిగింది.

"మనిషి నిలువు లోతు దాటాక తవ్వించే దొర బావి అడుగున భోంచెయ్యాలి. మా ఆచారం. దిగండి దొరా, చల్లారిపోతోంది."

భైరవయ్య నిచ్చెన రెండు మెట్లు దిగాడో లేదో, మట్టిపెళ్ల ఊడి విస్తట్లో పడింది. ఆయన గబగబా పైకొచ్చాడు.

"ముందు దుంగలు పెట్టించు. తర్వాత తింటాను."

"ఒక్క పూట భోజనానికే దుంగలు కావాలా దొరా? మా పిల్లలు పొద్దుగూకేదాకా అందులోనే ఉంటారు."

సాయంత్రానికి బళ్లనిండా దుంగలొచ్చాయి. మర్నాడు భైరవయ్య అడుగున కూర్చుని, తవ్వేవాళ్లతో కలిసి తిన్నాడు. మారు కూడా వడ్డించమన్నాడు.