వెనక వైపు అక్షరాలు

పిఠాపురం మొత్తంలో కంటి గురించి తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నూకరాజు గుమ్మంలోంచే చేతులు జోడించి ప్రకటించాడు. విన్నది కొక్కేనికి వేలాడుతున్న ఖాదర్ మాస్టారి కోటు.

"ఎవరితోరా?" అన్నారు మాస్టారు, పక్కగదిలోంచి వస్తూ.

"మీ కోటుకు దండం పెడితే మీకు పెట్టినట్టేగదండీ!"

నూకరాజుది డిగ్రీ ఆఖరి ఏడాది. సోమవారం, కంటిచూపు పరీక్షలు నేర్పే ఆప్టోమెట్రీ కాలేజీలో ఇంటర్వ్యూ. ఆరునెలలుగా ఈ కళ్లద్దాల షాపులో పని నేర్చుకుంటున్నాడని మాస్టారు ఉత్తరం రాసిస్తేనే లోపలికి పిలుస్తారు.

"రాద్దాంలే. ముందు ఆవిడ్ని చూడు."

కంటి పరీక్ష చేయించుకుని తన కోడలు లేచిన కుర్చీలో ఉప్పాడ నేతగత్తె సూరమ్మ కూర్చుంది. గోడమీది అక్షరాల అట్టను పైనుంచి కిందిదాకా గడగడా చదివేసింది.

"డేగ చూపండీ! అద్దాలక్కర్లేదు," అన్నాడు నూకరాజు.

మాస్టారు వెళ్లి అట్ట తిరగేశారు. వెనక వైపు వేరే అక్షరాలు.

సూరమ్మ కొంగు నలుపుకుంది. "కోడలు చదువుతుంటే విన్నాను బాబూ. చూపు తగ్గిందంటే మగ్గం మీంచి దింపేస్తారని..."

"అమ్మ మామ్మా! నన్నే బురిడీ కొట్టించావే!" నూకరాజు పడీపడీ నవ్వాడు.

మాస్టారు నవ్వలేదు. ఒక్కో అద్దం మార్చి చూసి, ఆవిడకు సరిపడే జత పెట్టారు. "మగ్గం దిగక్కర్లేదమ్మా. ఇవి పెట్టుకునే నేద్దురుగాని."

తర్వాత నూకరాజుకేసి తిరిగి, ఖాళీ అయిన కుర్చీ చూపించారు.

"నాకెందుకండీ?"

"కూర్చో. చదువు."

మొదటి వరుస చదివాడు. రెండోదీ చదివాడు. మూడో వరుస దగ్గర గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

కొత్త అద్దాల్లోంచి సూరమ్మ ముందుకు వంగింది. "ఘ... బాబూ, ఘ," అంది గుసగుసగా.

"చెప్పకండమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా.

నూకరాజు తల దించుకున్నాడు. "ముందు వైపు బట్టీ పట్టేశానండి, వచ్చిన మొదటి వారమే. అద్దాలు పెడితే కాలేజీలో సోడాబుడ్డి అంటారని..."

సూరమ్మ నవ్వలేదు. తన కొంగుతో అతని చెంప తుడిచింది.

మాస్టారు తెల్లకాగితం దగ్గరికి లాక్కుని కలం మూత తీశారు. "ఇప్పుడు రాస్తాను."

కలం సగం కాగితం నడిచాక నూకరాజు నెమ్మదిగా అన్నాడు:

"మాస్టారూ... ఇందాక ఆ కోటు... నిజంగా మీరే అనుకున్నానండి."