స్నానాల గది గోడ

రాజమాత స్నానాల గదిలో గోడకు అంటించిన రాతిపలక ఊడిపడి, నీళ్లు తోడే సూరమ్మ కాలు విరిగింది. పలక వెనక మోచేతి లోతు గుంత బయటపడింది. పనితనం లేదంటూ దివాను, ఆ పలక అంటించిన తాపీమేస్త్రి బండెప్పను చెరసాలలో వేయించాడు. గోడ బాగుచేయడానికి, అన్నతోపాటు చిన్నప్పటినుంచీ సున్నం పని చేసిన అతని చెల్లెలు నాంచారిని పిలిపించారు.

మర్నాడు రాజుగారు దివానుతో కలిసి పని చూడవచ్చారు. నాంచారి గుంతను అలాగే వదిలేసి, దాని మీదే కొత్త పలక అంటించి ఉంచింది.

"పని అయిపోయింది ప్రభూ. గుంత పూడ్చకుండానే పైన పలక అంటించేశాను. దివానుగారు ఒక్కసారి దీని కింద పీట వేసుకుని కూర్చుంటే, రాజమాతగారు నిశ్చింతగా స్నానం చేయొచ్చు" అంది.

దివాను గబుక్కున వెనక్కి జరిగాడు. "నీకు మతిపోయిందా? గుంత పూడ్చకుండా అంటిస్తే పలక నిలుస్తుందా?"

"నిలవదనే మా అన్న మీ కాళ్లు పట్టుకున్నాడు దొరా. ఇటుక ముక్కలు, సున్నం పొరలు పొరలుగా నింపి ఆరనివ్వాలి, నాలుగు రోజులు గడువివ్వమన్నాడు. పైకి కనపడని గుంతతో పనేమిటి, సాయంత్రానికల్లా అంటించమన్నది తమరే."

దివాను తల దించుకున్నాడు. రాజు భటులవైపు తిరిగాడు.

"బండెప్పను ఇప్పుడే విడిపించండి. సూరమ్మ నడిచేదాకా ఆమె బాధ్యత దివానుదే" అన్నాడు.

నాంచారి తన చేతులతోనే ఆ పలక ఊడదీసింది. అన్న వచ్చాక ఇద్దరూ గుంతలో మొదటి ఇటుక ముక్క పెట్టారు. ఈసారి వాళ్లను ఎవరూ తొందరపెట్టలేదు.