నోరిప్పని పిల్ల

ఎవరేమడిగినా శేషాచార్యులు గారు ముందు చెప్పులు వెతుక్కునేవారు. గీత చెప్పించుకోవడానికి ఆయన వరండాలో చేరే మాబోటివాళ్లం దానికి అలవాటుపడిపోయాం. జవాబు ఆయన దగ్గర ఉండదు. ఊళ్లో ఎక్కడో ఉంటుంది, వెళ్లి చూసి రావాలి.

ఒకనాటి సాయంత్రం మాలో ఒకడైన తవిటినాయుడు అడిగాడు. అతని పదకొండేళ్ల కూతురు సాహితి పరుగులో దిట్ట. మా ఊరి స్టేడియంలో ఒక సారు, ఒక మేడమ్ విడివిడిగా పిల్లలకు పరుగు నేర్పుతారు. ఎవరి దగ్గర చేర్చాలి? అడిగాడన్న మాటే గాని అతను ఎప్పుడో తేల్చుకున్నాడు. వారం నుంచి పిల్లని సారు దగ్గరికి పంపి చూస్తున్నాడు కూడా.

"అక్కడ పిల్లలు కిక్కురుమనరండి. మేడమ్ దగ్గర చూస్తే సంతే. మా పిల్లకి నోరు లేదు, సారే సరిపోతాడు," అన్నాడు గర్వంగా.

ఆచార్యులు గారు చెప్పులు వేసుకున్నారు. నేనూ, నాయుడూ వెంట నడిచాం.

స్టేడియంలో ఒక చివర సారు విజిల్ తప్ప మరో చప్పుడు లేదు. రెండో చివర మేడమ్ పిల్లలు తోసుకుంటూ, నవ్వుకుంటూ, మధ్యమధ్య పరుగు కూడా తీస్తున్నారు. సాహితి ఒక రౌండు ముగించి, నీళ్ల కోసం మేం కూర్చున్న మెట్ల దగ్గరికి వచ్చింది. అప్పుడే మేడమ్ పిల్లల్లో ఒకడు పరుగు మధ్యలో ఆగిపోయి, "మేడమ్, మోకాలు సలుపుతోంది," అని అరిచాడు. ఆవిడ వచ్చి వాడి పక్కనే మట్టిలో కూర్చుని మోకాలు నొక్కి చూసింది.

"చెప్పి మంచి పని చేశావు. తగ్గేదాకా పరుగు లేదు, వాచీ నువ్వు చూడు," అని తన స్టాప్‌వాచీ తీసి వాడి మెడలో వేసింది. వాడు కలెక్టరు ఉద్యోగం వచ్చినంత దర్జాగా నిలబడ్డాడు.

"చూశారా, సాకులు," అన్నాడు నాయుడు. "నొప్పి అన్నవాడు మెడల్ తేలేడని మా ఇంట్లో రోజూ చెబుతానండి."

అతని మాట పూర్తయ్యేసరికి నీళ్ల సీసా మెట్టు మీద ఉంది, పిల్ల లేదు. మైదానానికి అడ్డంపడి వెళ్లి, మేడమ్ ముందు నిలబడి, మేజోడు కిందికి లాగి కాలు చూపిస్తోంది.

మేడమ్ నాయుణ్ని పిలిచింది. కోప్పడలేదు. "ఈ వాపు ఇవాళ్టిది కాదండీ. వెంటనే ఎక్స్‌రే తీయించండి," అంది. నాయుడు పిల్లని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగు తీశాడు, వెనకే మేమూ. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నంతసేపూ "ఇరిగిపోయుంటే ఏటి గతి గురువుగారూ" అని అదే మాట. ఎముక విరగలేదు. ఇలాగే ఇంకొన్నాళ్లు పరుగెత్తి ఉంటే చీలేదనీ, నెల రోజులు విశ్రాంతి ఇస్తే చాలనీ డాక్టరు చెప్పాడు. నాయుడు సిగ్గుపడకుండా ఏడ్చాడు. నాకూ గుండె మీంచి బరువు దిగిపోయింది. ఆచార్యులు గారు కండువాతో ఊరికే మొహం తుడుచుకున్నారు.

"కన్నతండ్రిని, నాకు చెప్పలేదు. ముక్కూ మొహం తెలీని ఆవిడకి చెప్పింది," అన్నాడు నాయుడు కాసేపటికి.

కాలికి కట్టుతో బయటికొచ్చిన సాహితి, మేం ఇన్నాళ్లూ వినని గొంతుతో, "నాన్నా, నెలంతా మేడమ్ నాకూ వాచీ ఇస్తారా?" అని అడిగింది.

నాయుడు దాన్ని దగ్గరికి తీసుకుని, "ఇంతకీ ఎక్కడ చేర్చమంటారు గురువుగారూ?" అన్నాడు.

ఆచార్యులు గారు బెంచీ కింద చెప్పులు వెతుక్కుంటూ, "నీ కూతురు అప్పుడే చేరిపోయింది కదయ్యా," అన్నారు.