దాసు మైకుసెట్టు, మాట్లాడని కంప్యూటరు

తాటాకులంకలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే ఊరు ఏం చెప్తుందో మనకెందుకు గానీ, అబ్బులు మాత్రం ఇంకొకర్ని నోరు తెరవనివ్వకుండా "మా ఇంట్లోనండి" అనేస్తాడు. పక్కనే ఉన్న తమ్ముడు సత్తిపండు "అవునండి, పొద్దున్న కూడా చూశాను, ఉంది" అంటాడు. అబ్బులు పెళ్ళాం వరాలమ్మ మాత్రం ఆ మాట బయట అనొద్దంటుంది. వింటే ఎవరైనా ఎత్తుకుపోతారని ఆవిడ భయం. మండువేసవిలో కూడా ఆ ఇంటి కిటికీలు మూసి ఉండేది అందుకే.

వాళ్ళ తెలివంతా ఒక్క మాటలో ఉంది. తండ్రి దాసు పోయేముందు కొడుకులిద్దర్నీ మంచం దగ్గరికి పిలిచి, ఇద్దరి మొహాలూ చాలాసేపు చూసి, "ఒరేయ్, ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్తే చెప్పింది చెప్పినట్టు చెయ్యండి. మీ సొంతం ఏదీ కలపకండి" అన్నాడు. పాపం, కన్నవాడు కదా, ఆయనకి తెలుసు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఎవరూ సొంతం కలపలేదు.

ఆ దాసుకి ఒక మైకుసెట్టు ఉండేది. తాటాకులంక నూకాలమ్మ తీర్థంలో నలభై ఏళ్ళుగా పాట వినబడిందంటే అది దాసు మైకుసెట్టులోంచే. తీర్థం ముగిసే సాయంత్రం ప్రెసిడెంటు అరుగు మీదికి పిలిచి తమలపాకులూ అరటిపళ్ళూ పెట్టిన పళ్ళెం చేతికిచ్చేవాడు. ఆ తాంబూలం ఎవరి చేతిలో పడితే వచ్చే ఏడు తీర్థానికి పాట వాళ్ళది. దాసు పోయాక కొడుకులు అందుకుంటున్నారు. అబ్బులుకి ఆ పళ్ళెం అంటే ప్రాణం. దాన్ని పట్టుకున్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకున్నట్టుంటుందని ఓసారి వరాలమ్మతో చెప్పి ఏడ్చాడు కూడా.

ఈ ఏడు తీర్థం నాలుగు రోజులుందనగా పాతకాలం క్యాసెట్ల పెట్టె కన్నుమూసింది. తెరిచి చూస్తే లోపల ఎలుక కాపురం పెట్టి, పిల్లల్ని పెట్టి, అమ్మవారి పాటల క్యాసెట్టు రీలుతో వాటికి పక్క పరిచింది. ప్రెసిడెంటు భద్రరావుగారికి సంగతి తెలిసి కబురు పెట్టాడు. "తీర్థం నాడు పాట రాకపోతే తాంబూలం పక్కూరి గవర్రాజుకిచ్చేస్తాను. మీ నాన్న మొహం చూసి ఇన్నాళ్ళు ఊరుకున్నాను."

అబ్బులు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని రావులపాలెంలో కంప్యూటర్లు బాగుచేసే కామేశం మేష్టారి కొట్టుకి పరిగెత్తాడు. ఆయన దాసుకి స్నేహితుడు. ఒక పాత కంప్యూటరు తీసి, అందులో అమ్మవారి పాటలన్నీ ఎక్కించి ఇచ్చాడు. "ఇందులో ఉన్నది లినక్సు అని, ఊరికే దొరుకుతుంది, ఎవరైనా వాడుకోవచ్చు. మంచిదే గానీ సౌండు దగ్గర మాత్రం అప్పుడప్పుడూ మారాం చేస్తుంది. ఏదైనా అయితే ఫోన్ చెయ్యండి. జాగ్రత్తగా తీసుకెళ్ళండి" అన్నాడు.

ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టారు. తీగలన్నీ తగిలించారు. ఆరు సౌండు బాక్సులూ వాకిట్లో వరసగా నిలబెట్టారు. పాట నొక్కారు. తెర మీద గీత ఒకటి ఈ చివర్నుంచి ఆ చివరికి పాకుతోంది గానీ, బాక్సులు కిక్కురుమనలేదు. తెర మూల చిన్న అక్షరాలేవో ఉంటే సత్తిపండు కూడబలుక్కుని చదివాడు. "డమ్మీ అవుట్‌పుట్" అని ఉంది.

"డమ్మీ సంగతి నాకు తెలుసన్నయ్యా" అన్నాడు వాడు. వాడు పంచాయితీ ఎన్నికల్లో ఏజెంటుగా కూర్చున్నవాడు. "అసలాయనకి తోడుగా ఇంకొకడి చేత కూడా నామినేషను వేయిస్తారు. అసలాయనది ఖాయం కాగానే డమ్మీ తప్పుకోవాలి. ఈ డమ్మీ ఇంకా తప్పుకున్నట్టు లేదు."

"మరెలా తప్పిస్తార్రా?"

"ఇంటికెళ్ళి బతిమాలతారు. కాఫీ ఇస్తారు."

ఇంకేముంది. వరాలమ్మ చిక్కటి కాఫీ కలిపి, కంప్యూటరుకి బొట్టు పెట్టి, గ్లాసు ముందు పెట్టింది. "నాయనా డమ్మీ, ఈసారికి తప్పుకో తండ్రీ. వచ్చేసారి నిన్నే నిలబెడతాం" అని గెడ్డం పట్టుకున్నట్టు తెర అడుగుభాగం పట్టుకుని బతిమాలింది. అరగంట చూశారు. కాఫీ చల్లారింది గానీ డమ్మీ కదల్లేదు.

"తాగితే గదా ఒప్పుకునేది, వెనకాల కన్నాల్లోంచి పోసేద్దామా?" అన్నాడు సత్తిపండు.

"నీకు బుద్ధుందా? అది డమ్మీ. డమ్మీకి బదులు ఇంకోడు తాగాలి" అని అబ్బులు ఆ కాఫీ తనే తాగేసి, తన తెలివికి తనే ముచ్చటపడి, మేష్టారికి ఫోన్ చేశాడు.

"ఇప్పటిదాకా ఏం చేశారు?" అన్నాడు మేష్టారు.

"కాఫీ ఇచ్చామండి."

 మేష్టారు నిదానంగా "ఇదిగో అబ్బులూ, మొత్తం ఆపేసి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టండి" అన్నాడు.

అంతే. మొదలంటే ఎక్కణ్ణుంచి అని ముగ్గురూ కూర్చుని ఆలోచించారు. సత్తిపండు తను పుట్టిన దగ్గర్నుంచి అన్నాడు. అంత వెనక్కెళ్తే తను ఇంకా ఈ ఇంటికి కోడలిగా రాలేదని, వంట ఎవరు చేస్తారని వరాలమ్మ అడిగింది. అది నిజమే అనిపించింది. చివరికి కంప్యూటరు తెచ్చిన రోజు పొద్దున్నే మొదలని తేల్చుకున్నారు.

మర్నాడు తెల్లారగానే మొదలుపెట్టారు. ఆ రోజు ఉప్మా తిన్నారు కాబట్టి వరాలమ్మ ఉప్మా చేసింది. ఆ రోజు మాడింది కాబట్టి మాడేదాకా కూర్చుని మాడ్చింది. కంప్యూటరు మూట గట్టి అదే బస్సెక్కారు. ఆ రోజు బస్టాండులో అబ్బులు చెప్పు తెగింది. ఇవాళ ఎంత ఈడ్చినా తెగకపోతే సత్తిపండు కాలేసి తొక్కి తెంపి పెట్టాడు.

కొట్టు ముందు ఇద్దరూ మూటతో నిలబడితే మేష్టారు చూసి బయటికొచ్చాడు. "తెచ్చేశారా, మంచిపని చేశారు. ఇలా ఇవ్వండి, రెండు నిమిషాల్లో చూసేస్తాను" అన్నాడు.

అబ్బులు మూటని గుండెకి హత్తుకున్నాడు. "ఆ రోజు ఇచ్చేటప్పుడు మీరు చూడలేదు కదండి. జాగ్రత్తగా తీసుకెళ్ళండి అన్నారు, అంతే. దయచేసి అదే అనండి, బస్సు వెళ్ళిపోద్ది."

మేష్టారు ఏదో అనబోయాడు. వాళ్ళ మొహాలు చూసి మానేశాడు. "జాగ్రత్తగా తీసుకెళ్ళండి" అన్నాడు. ఇద్దరూ దణ్ణం పెట్టి, సంతోషంగా అదే కంప్యూటరు మళ్ళీ ఇంటికి మోసుకొచ్చారు.

నమ్మండి నమ్మకపోండి, తీగలు మళ్ళీ తగిలించేసరికి తెర మీద డమ్మీ అన్న మాట పోయింది. పాట మాత్రం రాలేదు. తెల్లారితే తీర్థానికి ఒక్క రోజే మిగుల్తుంది. అబ్బులుకి అన్నం సహించలేదు. పొద్దున్నే మళ్ళీ ఫోన్ చేశాడు.

మేష్టారు అప్పుడు ఇంకెవరి కంప్యూటరో విప్పుకుని కూర్చున్నాడు. "ఇంకేదో సౌండుని పట్టుక్కూర్చుని వదలట్లేదేమో. సౌండు చేసేవన్నీ మూయించేసి అప్పుడు చూడండి" అని పెట్టేశాడు.

"అదీ సంగతి" అన్నాడు అబ్బులు. "ఊళ్ళో ఉన్న సౌండంతా ఎవరెవరో పట్టుక్కూర్చుంటే మనదాకా ఏం మిగుల్తుంది?"

ఇంకేముంది, ముగ్గురూ ఊరి మీద పడ్డారు. రేపు అమ్మవారి పాట రావాలంటే ఇవాళ ఎవరూ చప్పుడు చెయ్యకూడదని ఇంటింటికీ చెప్పారు. అమ్మవారి పేరు చెప్తే కాదనేదెవరు? పిండిమర ఆపేశారు. బళ్ళో ఎక్కాలు మానిపించి పిల్లల చేత మనసులో చదివించారు. కోళ్ళన్నిటి మీదా గంపలు బోర్లించారు. చేపలమ్మే మరిడమ్మ కేకెయ్యకుండా ఇంటింటి ముందూ నిలబడి చేతులు చేపతోకలా ఆడించింది. ఆవిడకి వాతం వచ్చిందనుకుని ఇద్దరు నూనె తెచ్చి రాశారు. దగ్గుతో బాధపడే పెద్దాయనకి సత్తిపండు బెల్లంముక్క నోట్లో పెట్టి, కరిగేలోపు ఇంకోటి పెడుతూ సాయంత్రందాకా పక్కనే కూర్చున్నాడు.

నాలుగయ్యేసరికి తాటాకులంకలో ఈగ వాలితే వినబడేట్టుంది. అబ్బులు పాట నొక్కి ఊపిరి బిగబట్టాడు. అప్పుడు వినబడింది. తెర వెనకాల ఎక్కడో, దోమ గొంతు సవరించుకున్నంత సన్నగా, అమ్మవారి పాట. చెవి ఆనిస్తే గానీ తెలీదు. కానీ పాటే.

అబ్బులు కళ్ళంట నీళ్ళొచ్చేశాయి. "నాన్న పేరు నిలబడింది వరాలూ" అన్నాడు.

"మరి బాక్సుల్లోంచి రాదేమండీ?" అందావిడ.

"ఒక్క ఊరు నోరు మూసుకుంటే ఇంత వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళు కూడా మూసుకుంటే బాక్సుల్లోంచి వస్తుంది. రేపు తీర్థానికి అందరూ ఇక్కడికే వస్తారుగా, అప్పుడు చెప్దాం."

తీర్థం రోజు పొద్దున్న గుడి దగ్గర ఇసక వేస్తే రాలనంత జనం. డప్పులవాళ్ళు అప్పుడే డప్పులు కాచుకుంటున్నారు. అబ్బులు వాళ్ళకి దణ్ణం పెట్టి మంట ఆర్పించేశాడు. జీళ్ళ కొట్లవాళ్ళని కేకలెయ్యొద్దన్నాడు. భద్రరావుగారు చేతికర్ర ఆడించుకుంటూ వచ్చి "పాటేదయ్యా?" అన్నాడు.

"వస్తోందండి. తమరు ఊపిరి ఆపి చెవి ఇక్కడ పెట్టండి."

పెద్దమనిషి వంగి తెరకి చెవి ఆనించాడు. కాసేపటికి మెల్లిగా లేచాడు. "మరి ఇంతమందికి?"

"వరసలో రమ్మనండి" అన్నాడు అబ్బులు. అప్పటికే సత్తిపండు తాడు కట్టేశాడు. జనం చెప్పులు విడిచి ఒక్కొక్కళ్ళే వచ్చి తెరకి చెవి పెట్టి వెళ్తున్నారు. విన్నవాళ్ళ నుదుట వరాలమ్మ కుంకం పెడుతోంది. అంతలో గవర్రాజు తన మైకుసెట్టుని ట్రాలీలో వేసుకుని వచ్చి, వేపచెట్టు కింద ఆపి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ నిలబడ్డాడు.

"ఇంకో అరగంట చూస్తాను" అన్నాడు భద్రరావుగారు. ఆయన మొహం కందిపోయింది.

అబ్బులు మేష్టారికి ఫోన్ చేసి "నాన్న పేరు పోయేట్టుందండి" అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మేష్టారు అక్కడే ఉన్నాడు, మనవరాలికి జీళ్ళు కొంటున్నాడు. జీళ్ళపొట్లంతోనే వచ్చి, తెరకి చెవి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. "సౌండు బాక్సులకి వెళ్ళకుండా తెరలో ఉన్న బుల్లి స్పీకరులోకి వెళ్తోంది. అంతేరా నాయనా, ఇంతే" అని ఎక్కడో ఒక్క నొక్కు నొక్కాడు.

ఆరు బాక్సులూ ఒక్కసారి గొంతెత్తాయి. గుడి మీది పావురాళ్ళు లేచిపోయాయి. అమ్మవారి పాట ఏటి అవతలి ఒడ్డు దాకా వెళ్ళింది. జనం చప్పట్లు కొట్టారు. మేష్టారు అబ్బులు చెవి దగ్గర నోరు పెట్టి, చేతులు జోడించి చెప్పాడు. "బాబ్బాబూ, వచ్చింది. మీకు పుణ్యముంటుంది, ఇంక మీరు ముగ్గురూ దేన్నీ ముట్టుకోకండి." చెప్పి జీళ్ళపొట్లంతో వెళ్ళిపోయాడు.

అంతే. అబ్బులు చేతులు రెండూ పైకెత్తేశాడు. విషయం చెవిలో చెప్తే సత్తిపండూ ఎత్తాడు, వరాలమ్మా కుంకంభరిణె జారవిడిచి ఎత్తింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ముగ్గురూ బాక్సుల ముందు అలాగే నిలబడ్డారు. పులిహోర ఎవరో నోట్లో పెడితే తిన్నారు. ముక్కు మీద ఈగ వాలితే ఒకళ్ళది ఒకళ్ళు ఊదుకున్నారు. అదేదో మొక్కనుకుని ఆడవాళ్ళు కొందరు వాళ్ళ కాళ్ళకి పసుపు రాశారు. పాట ఆగకుండా మోగుతూనే ఉంది.

సాయంత్రం భద్రరావుగారు అరుగెక్కాడు. అబ్బుల్ని సైగ చేసి పిలిచాడు. "నలభై ఏళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ వినబళ్ళేదు. దాసు కొడుకులనిపించారు. ఇదిగో తాంబూలం" అని పాటని మించి అరిచి పళ్ళెం ముందుకి చాపాడు.

అబ్బులు ఆ పళ్ళెం వంక చూశాడు. అవే తమలపాకులు, అవే అరటిపళ్ళు. చేతులు వాటంతటవే దిగబోయాయి. కానీ చెప్పింది చెప్పినట్టు చెయ్యమన్న నాన్న గుర్తొచ్చాడు. చేతులు ఇంకా పైకెత్తాడు.

"తీసుకోవయ్యా" అన్నాడు ప్రెసిడెంటు.

"ప్రాణమండి, కానీ ముట్టుకోకూడదండి" అన్నాడు అబ్బులు. బాక్సుల హోరులో ఒక్క ముక్క వినబడితే ఒట్టు. భద్రరావుగారికి కనబడిందల్లా ఎత్తిన చేతులూ, అడ్డంగా ఊగుతున్న తలా. తమ్ముడి వైపు చూశాడు, వాడూ అంతే. వరాలమ్మ వైపు చూశాడు, ఆవిడా అంతే. పెద్దాయన చేతులు నొప్పిపుట్టి పళ్ళెం వణుకుతోంది. పక్కనుంచి గవర్రాజు వచ్చి రెండు చేతులా అందుకున్నాడు.

మైకుసెట్టు కూడా చివరికి గవర్రాజే ఆపాడు. ముగ్గురూ చేతులెత్తుకునే ఇంటికి నడిచి, తాళం వేసిన తలుపు ముందు వరసగా నిలబడ్డారు. అబ్బులు కళ్ళు తడిగా ఉన్నాయి, తుడుచుకోకూడదు కదా.

"పాపం గవర్రాజు" అన్నాడు. "తెలీక పళ్ళెం ముట్టేసుకున్నాడు. వచ్చే ఏడు వాడికి సౌండు రాదు."

"మనం వెళ్ళి సాయం చేద్దామన్నయ్యా" అన్నాడు సత్తిపండు. "ఊరి నోరు మూయించడం మనకి వచ్చుగా."

"అలాగే" అన్నాడు అబ్బులు. తర్వాత ముగ్గురూ, తలుపు ఎవరైనా వచ్చి తీస్తారేమోనని వీధి వైపు తిరిగి నిలబడ్డారు.