కర్ర కదలకపోతేనే కాలు

పరాంకుశంగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. సంగతి తెలిసీ సోమశేఖరం ఆ ఆదివారం ఆరేళ్ల కూతురు ఇందుజను వెంటబెట్టుకుని కొండకింద ఉన్న ఆయన కుటీరానికి వెళ్లాడు. అతనూ భార్య నీలవేణీ వేరుపడ్డాక పాప తల్లి దగ్గరే ఉంటోంది. తండ్రికి దక్కేది ఆదివారమొక్కటే. కిందటి వారం గుట్ట ఎక్కుతూ పాప మోకాలు కొట్టుకుంది. "ఇంకొక్క దెబ్బతో వచ్చిందంటే ఇక పంపను" అని నీలవేణి తెగేసి చెప్పింది.

"గురువుగారూ, దీనికి వాగూ గుట్టా నేర్పాలని నా పట్టుదల. పడిందా, నా ఆదివారం పోయినట్టే. నేర్పమంటారా, ఎత్తుకు తిరగమంటారా?"

"వాగు అవతలి గట్టున ఉసిరికాయలున్నాయి. ఇద్దరూ వెళ్లి నాలుగు పట్టుకురండి" అన్నారాయన.

వాగు పాపకు మోకాలి లోతే. అయినా సోమశేఖరం నోరు ఊరుకుంటేనా! "జాగ్రత్త! అమ్మో, జాగ్రత్త!" అని ఒకటే అరుపు. అరిచినప్పుడల్లా పాప తిరిగి తండ్రి మొహం చూసేది. చూసినప్పుడల్లా కాలు జారేది. చివరికి పట్టుకోబోయి తనే నాచురాయి మీద జారి నీళ్లలో చతికిలబడ్డాడు. పాప పకపకా నవ్వింది.

గట్టు మీద నిలబడి చూస్తున్న గురువుగారు నవ్వలేదు. "అమ్మడూ, జాగ్రత్త అంటే ఏమిటే?" అని అడిగారు.

పాప కాస్త ఆలోచించింది. "నాన్నకి భయమేస్తోందని."

సోమశేఖరానికి అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ తను నేర్పింది అదన్నమాట! తడిబట్టలతోనే లేచి, పాప ఎత్తుకు సరిపడే కర్ర విరిచి చేతికిచ్చాడు. "నీళ్లు మట్టిరంగులో ఉంటే దిగనే వద్దు. ముందు కర్ర పెట్టు. కర్ర కదలకపోతేనే కాలు. పచ్చగా మెరిసే రాయి మీద అడుగెయ్యకు." తను దిగువ వైపున, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నడుస్తూ, పళ్లు బిగబట్టి నోరు మూసుకున్నాడు.

పాప అవతలికి వెళ్లి, ఉసిరికాయలు జేబులో వేసుకుని తిరిగొస్తుండగా, కూతుర్ని తీసుకెళ్లడానికి నీలవేణి వచ్చింది. నడివాగులో పాపను చూసేసరికి ఆవిడకు పైప్రాణాలు పైనే పోయాయి. "జాగ్ర..." అనబోయింది.

"అమ్మా, పిలవకు! కర్ర చూసుకుంటున్నా!"

నీలవేణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గట్టు మీదే ఆగిపోయింది. పాప ఒకసారి తూలింది. సోమశేఖరం చెయ్యి చాచాడు గానీ పట్టుకోలేదు. కర్ర మీద బరువు ఆన్చి, తనే నిలదొక్కుకుని గట్టెక్కింది పాప. మోచేతి మీద ఏదో కొమ్మ గీరుకున్న గీత. నీలవేణి దాన్ని చూసింది, కొంగుతో తుడిచింది. మొగుడి వైపు చూడకుండానే, "వచ్చే ఆదివారం పట్టీ ఉన్న చెప్పులు వేసి పంపుతాను. వీటితో జారుతుంది" అంది.

సోమశేఖరం ఉప్పొంగిపోయాడు. "గంటలో నేర్చేసుకుందండీ గురువుగారూ!"

ఆయన ఆ భార్యాభర్తలిద్దరినీ మార్చి మార్చి చూశారు.

"వాగు దాటడానికేముందయ్యా. మీరిద్దరూ ఒకచోట అరవకుండా నిలబడ్డారే, దానికెన్నేళ్లు పట్టింది?"