దాల్చిన కొమ్మ మీద నూకరత్నం

మారేడుమిల్లి అడవి అంచున గంగులు, వాడి తమ్ముడు అచ్చియ్య ఉండేవాళ్ళు. దేవుడు బుర్రలు పంచేరోజున ఊరంతా నిద్రపోయిందనీ, అన్నీ తమ ఇంటికే వచ్చాయనీ గంగులు నమ్మకం. అడిగినా అడక్కపోయినా ఆ మాట చెప్పేవాడు.

వాళ్ళమ్మ నూకరత్నానికి దగ్గు పట్టుకుంది. కూడు సయించదు, కంటికి కునుకు లేదు. చూడ్డానికొచ్చిన పెద్దమ్మ పెరట్లో దాల్చిన చెట్టు చూపించింది.

"ఆకు కొయ్యగానే మరిగే నీళ్ళలో పడాలి. వాడిందంటే పనిచెయ్యదు. ఆ టీ పొద్దునా సాయంత్రం మీ అమ్మకి తాగించండ్రా."

ఆవిడ అటెళ్ళగానే గంగులు ఆలోచించాడు. పొయ్యి దాకా తెచ్చేసరికి ఆకు వాడిపోదూ? అంతే, పొయ్యినే చెట్టు కిందికి మార్చారు. మరి కొమ్మ నుంచి కుండలో పడేలోపు? ఇంకేముంది, అచ్చియ్య మరిగే నీళ్ళ కుండతో చెట్టెక్కి ఆకుల మీదే కుమ్మరించాడు. కింద అమ్మని నోరు తెరుచుకుని కూర్చోమన్నారు. ముసలిది ఒక్క గెంతు గెంతింది కాబట్టి సరిపోయింది, లేకపోతే దగ్గుతో పాటు తనూ పోయేది.

కారిన చుక్క నాకి చూసి, చప్పగా ఉందన్నాడు గంగులు. తీపి వేరు నుంచే ఎక్కాలిట. అంతే, చెట్టు మొదట్లో కుండెడు పాలు, దిమ్మెడు బెల్లం పోశారు. అమ్మ గంజిలోకి చుక్క పాలు మిగల్లేదు. తెల్లారేసరికి చెట్టంతా చీమలు. చీమలకి పొగ పెట్టారు. ఇంకేముంది, ఆకులు మాడి రాలాయి, అమ్మ దగ్గు రెట్టింపయ్యింది.

పెద్దమ్మ మళ్ళీ వచ్చింది. నెత్తి బాదుకోలేదు, ఆవిడకి వీళ్ళు కొత్తా? మీ అమ్మ ఎన్నిసార్లు తాగిందిరా అని మాత్రం అడిగింది.

"ముందు చెట్టుకి పడుతుందో లేదో చూస్తున్నాం పెద్దమ్మా," అన్నాడు గంగులు.

పై కొమ్మకి ఇంకా నాలుగాకులు పచ్చగా ఉన్నాయి. వాటినైనా చెయ్యి పెట్టి పాడు చెయ్యకుండా తాగించి చావండని తిట్టిపోసి వెళ్ళింది.

చెయ్యి పెట్టకూడదంది కదా. అంతే, అమ్మని నిచ్చెనెక్కించి ఆ కొమ్మ మీద కూర్చోబెట్టారు. వేడినీళ్ళ గ్లాసు ఇచ్చి, కొమ్మ వంచి కొస అందులో ముంచారు. ఘుమఘుమలాడింది. నూకరత్నం గుక్కగుక్కా తాగింది. రొమ్ము కాస్త తేలికపడి, ఇంక దింపండ్రా అంది.

"సాయంత్రం మళ్ళీ తాగాలి కదే అమ్మా. ఎక్కడం, దిగడం ఎందుకూ?" అని గంగులు నిచ్చెన తీసేశాడు.

ముసలిది అరుపులు లంకించుకుంది. ఇద్దర్నీ పురిటినాటి సంగతుల నుంచీ ఎత్తి తిట్టింది. గంగులు చెవొగ్గి విన్నాడు. ఎంతసేపు విన్నా మధ్యలో ఒక్క దగ్గు లేదు.

"ఒరే అచ్చియ్యా, దగ్గు పోయిందిరా," అన్నాడు మురిసిపోతూ. "పెద్దమ్మ దగ్గరికెళ్ళి, ఈ అరుపులకి ఏ ఆకో అడిగి కోసుకురా. నిచ్చెన కూడా పట్టుకెళ్ళు, అదెంత ఎత్తున కాస్తుందో ఏమో."